డాక్టరమ్మకు ఉత్తరం: మూడో క్రోమోజోమ్ టెస్ట్ చేయించుకోవాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీదే ఉన్నాయి. ఊళ్లలో క్యాంపులు జరుగుతున్నాయి, రిపోర్టులు చేతికొస్తున్నాయి, వాటిలోని మాటలు ఎవరికీ అర్థం కావడం లేదు. రిపోర్టు రాసే పని నాది కాబట్టి, ఆ మాటల్ని విప్పి చెప్పే పనీ నాదే అనుకుంటాను. పేర్లు, ఇంటిపేర్లు తీసేశాను.

నరసన్నపేట నుంచి ఒక పాఠకురాలు: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు 41 ఏళ్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఊళ్లో క్యాంపులో టెస్ట్ చేస్తే హెచ్‌పీవీ అనే వైరస్, 16 రకం, పాజిటివ్ వచ్చింది. తర్వాత శ్రీకాకుళంలో కాల్పోస్కోపీ అని ముఖద్వారాన్ని లెన్సుతో చూసి చిన్న ముక్క తీశారు. 'సిన్ 1' అని రిపోర్టు ఇచ్చి, ఏడాది తర్వాత రమ్మన్నారు. మా అప్ప కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. క్యాన్సర్ వస్తుందో రాదో ముందే చెప్పే క్రోమోజోమ్ టెస్ట్ ఉందట, '3క్యూ26' అంటారట, చేయిద్దాం పిన్నీ అంటున్నాడు. మా వీధి ఆర్‌ఎంపీ గారేమో సంచి తీయించేసుకుంటే గొడవే ఉండదంటున్నారు. మా అమ్మ ఇదే జబ్బుతో పోయింది. ఇది క్రోమోజోముల్లో ఉంటే మా పాపకీ వస్తుందా? దానికి సంబంధాలు చూస్తున్నాం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు మీ పాప సంగతి చెప్పేస్తాను. మీ నిద్ర చెడగొడుతున్నది అదేనని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. మీ అప్ప కొడుకు చెప్పిన ఆ 3క్యూ26 మార్పు తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కాదు. అది గర్భాశయ ముఖద్వారం మీద, వైరస్ చేరిన చోట, కొన్ని కణాల్లో మాత్రమే పుట్టే మార్పు. మీ రక్తంలో ఉండదు, మీ అండంలో ఉండదు, మీ పాపలోకి వెళ్లే దారే లేదు. మీరు కుట్టిన ఒక జాకెట్‌లో చంక దగ్గర కుట్టు తప్పితే తానులో ఉన్న గుడ్డ పాడవుతుందా? ఇదీ అంతే. సంబంధాలు నిశ్చింతగా చూసుకోండి. పెళ్లివారికి చెప్పాలా వద్దా అన్న ప్రశ్నే ఇక్కడ లేదు.

మరి మా అమ్మకు వచ్చింది కదా అంటారు. నిజమే. తల్లికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చినవాళ్లలో రిస్క్ సుమారు రెండింతలు ఉంటుందని కుటుంబాల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. పుట్టుకతో వచ్చే భాగం కొంత ఉంది. ఆరో క్రోమోజోమ్ మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంటుంది. ఒంట్లోకి వచ్చిన వైరస్‌ను మన రోగనిరోధక శక్తి ఎంత చురుగ్గా గుర్తుపడుతుందన్నది కొంతవరకు వాటి మీద ఆధారపడుతుంది. కానీ వైరస్ లేకుండా ఈ జన్యువులు ఒక్కటే క్యాన్సర్ తెచ్చిపెట్టవు. దాదాపు ప్రతి ముఖద్వార క్యాన్సర్ వెనుకా హెచ్‌పీవీ ఉంటుంది. ఆ సంబంధాన్ని పట్టి చూపినందుకే జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. మీ అమ్మగారి రోజుల్లో ఈ టెస్టులు మన ఊళ్ల దాకా రాలేదు. రక్తస్రావం మొదలయ్యాకే ఆసుపత్రి మొహం చూసేవాళ్లు. మీరు ఏ బాధా లేకుండానే పట్టుకున్నారు. ఇద్దరి కథా ఒకటి కాదు.

ఇక మీ రిపోర్టు. సిన్ 1 అంటే ముఖద్వారం పొరలో కణాలు కాస్త మారడం, క్యాన్సర్ కాదు. చాలామంది డాక్టర్లు దాన్ని క్యాన్సర్‌కు ముందు దశ అని కూడా అనరు, వైరస్ ఉందనడానికి గుర్తుగా చూస్తారు. సుమారు 60 శాతం వాటంతటవే తగ్గిపోతాయి. వదిలేసినా క్యాన్సర్ దాకా వెళ్లేవి నూటికి ఒకటి. అయితే 16 రకం వైరస్ మిగతావాటికన్నా మొండిది. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. అందుకే మీ డాక్టరు ఏడాది తర్వాత రమ్మన్నారు. ఆ మాట మాత్రం తప్పకండి. పెళ్లి పనులొచ్చాయనో, పండగనో వాయిదా వేయకండి.

ఇప్పుడు మీ వాడు అడిగిన టెస్ట్. కుర్రాడు గాలికి చెప్పలేదు, దాని వెనుక మంచి సైన్సే ఉంది. ముఖద్వారం దగ్గర రెండు రకాల చర్మపు పొరలు కలిసే ఒక అంచు ఉంటుంది. వైరస్ అక్కడి అడుగు కణాల్లో కాపురం పెడుతుంది. చాలామందిలో ఏడాది, రెండేళ్లలో దాన్ని ఒళ్లే తరిమేస్తుంది. తరమలేని కొద్దిమందిలో, ఏళ్లు గడిచేకొద్దీ, వైరస్ తయారుచేసే ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్లు కణాన్ని చెడగొడతాయి. 17వ క్రోమోజోమ్ మీది పీ53 జన్యువు తయారుచేసే కాపలా ప్రోటీన్‌ను ఈ6 నాశనం చేస్తుంది. 13వ క్రోమోజోమ్ మీది ఆర్‌బీ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను ఈ7 పనిచేయనివ్వదు. కాపలా పోయిన కణం అడ్డూ అదుపూ లేకుండా రెండవుతుంటుంది. పంచుకోవడంలో తేడా వచ్చి, ఒక పిల్ల కణానికి క్రోమోజోమ్ ముక్కలు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ పోతాయి.

ఇలా ఎక్కువయ్యే ముక్కల్లో మూడో క్రోమోజోమ్ పొడుగు చెయ్యి, అంటే 3క్యూ, అన్నిటికన్నా తరచుగా కనిపిస్తుంది. 1996లో కెర్స్టిన్ హెసెల్మేయర్, థామస్ రీడ్ బృందం ఈ సంగతి బయటపెట్టింది. ముదిరిన ముందు దశ నుంచి అసలు క్యాన్సర్‌గా మారే మలుపు దగ్గర ఈ 3క్యూ పెరుగుదల వస్తోందని వాళ్లు గమనించారు. ఆ చేతి మీద 26వ పట్టీలో టెర్క్ అనే జన్యువు ఉంది. కణం విడిపోయిన ప్రతిసారీ క్రోమోజోమ్ కొసలు అరుగుతాయి. ఆ కొసల్ని మళ్లీ కట్టే టెలోమరేజ్ అనే ఎంజైమ్‌లో ఒక భాగాన్ని ఇచ్చేది టెర్కే. దాని కాపీలు ఎక్కువైతే కణం చావు తప్పించుకోవడానికి అదొక దారి. ఐదో క్రోమోజోమ్ పొట్టి చేతి మీద, 5పీ15 దగ్గర, అదే ఎంజైమ్‌కు చెందిన ఇంకో జన్యువు ఉంది. కొన్ని చోట్ల దాన్ని కూడా కలిపి చూస్తారు.

మరి చేయించుకోవాలా? మీ పరిస్థితిలో నేనైతే డబ్బు పెట్టనమ్మా. ఎందుకంటే, 3క్యూ పెరుగుదల లేదని వస్తే అది మంచి కబురే. అలాంటి చిన్న గాయాలు ముందుకు వెళ్లడం అరుదు. అయినా ఏడాది తర్వాత మీరు వెళ్లాల్సిందే, 16 రకం ఉంది కదా. ఒకవేళ ఉందని వస్తే? అప్పుడూ క్యాన్సర్ వచ్చేస్తుందని కాదు. అలా వచ్చినవాళ్లలోనూ చాలామందికి గాయం తగ్గిపోతుంది. డాక్టరు మహా అయితే కాస్త ముందు రమ్మంటారు. అంటే ఫలితం ఏదైనా మీరు చేయాల్సింది దాదాపు ఒకటే. మధ్యలో మీ నిద్ర మాత్రం ఇంకా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్క్రీనింగ్ సిఫారసులు హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్ట్, వెనిగర్ పరీక్ష, పాప్ స్మియర్ (ముఖద్వారం కణాల్ని తీసి స్లైడ్ మీద చూడటం) వంటి వాటి మీదే నడుస్తున్నాయి, క్రోమోజోమ్ టెస్ట్ మీద కాదు. ఆ డబ్బు పక్కన పెట్టి, వచ్చే ఏడాది టెస్ట్‌కు, ఆటో ఛార్జీలకు వాడుకోండి.

ఆర్‌ఎంపీ గారి సలహా దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. సిన్ 1కి సంచి తీయడం ఏ పుస్తకంలోనూ లేదు. మన జిల్లాలో ముప్పై అయిదు, నలభై ఏళ్లకే సంచి తీయించుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ఒళ్లు మంటలు, కీళ్ల నొప్పులు, ఎముకలు గుల్లబారడం వయసు రాకముందే మొదలవుతాయి. రేపు ఒకవేళ అంతకన్నా ముదిరిన సిన్ 2, సిన్ 3 అని వచ్చినా, ఆ మేరకు పొరను వేడితో కాల్చడమో, చల్లబరిచి పోగొట్టడమో, తీగతో ఆ ముక్క వరకు తీయడమో చేస్తారు. అదే రోజు ఇంటికి పంపిస్తారు.

ఒక్క జాగ్రత్త. భర్తతో కలిసిన తర్వాత రక్తం కనిపించినా, నెలసరి మధ్యలో కనిపించినా, నీచు వాసనతో తెల్లబట్ట అయినా ఏడాది దాకా ఆగకండి. ఆ వారమే వెళ్లండి.

బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు: నా భార్యకు రెండుసార్లు గర్భం నిలవలేదు. విశాఖలో ఇద్దరికీ క్రోమోజోమ్ టెస్ట్ చేస్తే నార్మల్ అని వచ్చింది. ఆమె క్రోమోజోములు బాగున్నాయి కదా, ఇక ఆమెకు ముఖద్వార క్యాన్సర్ టెస్ట్ అక్కర్లేదా?

జవాబు: అక్కరే. మీ ఇద్దరికీ చేసింది రక్తంలోని తెల్లకణాలను పెంచి చూసే కార్యోటైప్. పుట్టుకతో వచ్చిన క్రోమోజోములు 46 ఉన్నాయా, ఏ ముక్కైనా ఒకదాని నుంచి ఇంకోదానికి అతుక్కుని ఉందా అని చూస్తారు. గర్భం నిలవని దంపతులకు అది పనికొచ్చే పరీక్షే. ముఖద్వారం మీది కణాల్లో వైరస్ ఏం చేస్తోందో రక్తం చూసి చెప్పలేం. ఆమెకు 30 దాటితే హెచ్‌పీవీ టెస్ట్ చేయించండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నారు కాబట్టి, ఆ ప్రయత్నం మొదలుపెట్టే ముందే చేయిస్తే మేలు.

నెల్లిమర్ల నుంచి డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదువుతున్న అమ్మాయి: మేడం, క్రోమోజోమ్ ముక్కలకు రంగు వెలుగు అంటించి చూసే ఫిష్ టెస్ట్‌లో చుక్కలు లెక్కపెడతారని మా సార్ చెప్పారు. కణంలో రెండు చుక్కలు ఉంటే నార్మల్, ఎక్కువ ఉంటే అబ్నార్మల్, అంతేనా? అంత తేలికైతే దానికి అంత రేటు ఎందుకు?

జవాబు: ఈ ఉత్తరం చూసి సంతోషం వేసింది. నా వయసొచ్చాక ఆ మైక్రోస్కోపు దగ్గర మీలాంటివాళ్లే కూర్చోవాలి.

చుక్కలు లెక్కపెట్టడమే, కానీ ఏ చుక్కల్ని లెక్కపెట్టకూడదో తెలియడమే అసలు పని. స్లైడ్ మీది కణాల డీఎన్‌ఏ పోగుల్ని వేడితో విడదీస్తాం. మనకు కావలసిన చోటుకే వెళ్లి అతుక్కునేలా తయారైన, రంగు వెలుగు ఇచ్చే ప్రోబ్ వేసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేస్తాం. పొద్దున కడిగి, చీకటి గదిలో ఫ్లోరోసెంట్ మైక్రోస్కోపు కింద పెడితే నీలం రంగులో కణ కేంద్రకాలు, వాటిలో చిన్న చిన్న వెలుగు చుక్కలు. 3క్యూ26కి ఎరుపు ప్రోబ్ వాడారనుకోండి, పక్కన కొలమానంగా ఏదో ఒక క్రోమోజోమ్ నడుముకి ఆకుపచ్చ ప్రోబ్ వేస్తారు. కిట్‌ను బట్టి రంగులు మారతాయి.

రెండు ఎరుపు, రెండు ఆకుపచ్చ ఉంటే మామూలు కణం. ఐదు ఎరుపు, రెండు ఆకుపచ్చ ఉంటే 3క్యూ ఒక్కటే పెరిగింది. నాలుగు ఎరుపు, నాలుగు ఆకుపచ్చ ఉంటే? ఇక్కడే తొందరపడతారు. ఆ కణంలో మొత్తం క్రోమోజోములే రెట్టింపయ్యాయన్నమాట. దానికి అర్థం వేరు, రిపోర్టులో రాసే మాట వేరు. రెండు కేంద్రకాలు ఒకదాని మీద ఒకటి పడితే కూడా నాలుగు కనిపిస్తాయి, అలాంటివి వదిలేయాలి. విడిపోవడానికి సిద్ధమవుతున్న కణంలో ఒక చుక్కే జంటగా అంటుకుని కనిపిస్తుంది, దాన్ని ఒకటిగానే లెక్కించాలి. తెల్లబట్టలోని తెల్లకణాలు కూడా స్లైడ్ నిండా ఉంటాయి, వాటిని లెక్కలో కలిపితే అందరూ నార్మలే. చెడిన కణాలు వేలల్లో కొన్నే ఉంటాయి కాబట్టి, ముందు పెద్దగా, వంకరగా ఉన్న కేంద్రకాలను వెతుక్కోవాలి. నార్మల్ మనుషుల స్లైడ్లలో కూడా అక్కడక్కడ మూడు చుక్కలు కనిపిస్తాయి. ఎన్ని కనిపిస్తే అబ్నార్మల్ అనాలో ప్రతి ల్యాబ్ నార్మల్ శాంపిళ్ల మీద తనే తేల్చుకోవాలి. గంట సేపు కూర్చుంటే కళ్లు లాగేస్తాయి. రేటు ఎందుకంటారా? ప్రోబ్ ఖరీదు, మైక్రోస్కోపు ఖరీదు, ఈ కళ్ల ఖరీదు.

మీరు నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది, మన జిల్లా ల్యాబుల్లో ముందు ఉపయోగపడేది అదే. పీ16, కేఐ-67 అనే రెండు ప్రోటీన్లకు ఒకే స్లైడ్ మీద రంగు వేస్తారు. ఒకే కణంలో రెండు రంగులూ కనిపిస్తే వైరస్ ఆ కణాన్ని అదుపు తప్పించిందని అర్థం. దీనికి మామూలు మైక్రోస్కోపు చాలు, చీకటి గది అక్కర్లేదు.

ల్యాబుల్లో ఇప్పటికీ పెంచుతున్న హీలా కణాల గురించి మీకు పాఠంలో వచ్చే ఉంటుంది. 1951లో అమెరికాలో ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెట్టా లాక్స్ కణాలవి. ఆమెను అడగకుండానే తీసుకున్నారు. వాటిలో 18 రకం వైరస్ ఎనిమిదో క్రోమోజోమ్‌లో, మిక్ అనే జన్యువుకు దగ్గర్లో దూరి ఉంది. ఆ కణాల్లో క్రోమోజోములు 46 కాదు, డెబ్బై దాటే ఉంటాయి. ఎప్పుడైనా వాటి స్లైడ్ చూసే అవకాశం వస్తే వదలకండి.

సోంపేట దగ్గర పల్లె నుంచి ఒక కోడలు: మా అత్తగారికి 62 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ (చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగుతారు. ఆశా కార్యకర్త వచ్చి పొగతో గర్భసంచి క్యాన్సర్ కూడా వస్తుంది, టెస్ట్‌కి రండి అంటే నవ్వుతున్నారు. "పొగ నోట్లో పెడతన్నాను గానీ ఇంకెక్కడేటి పెట్టలేదు కదే గుంటా, ముట్లు ఆగిపోయి పన్నెండేళ్లయ్యింది, నాకేటి టెస్టు" అంటారు. ఏం చెప్పాలి?

జవాబు: మీ అత్తగారి నోటికి జోహార్లు. ఆవిడకు ఈ జవాబు చదివి వినిపించండి.

అమ్మా, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చేవాళ్లు మన వైపు ఎందరో నాకు తెలుసు. మన శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది పల్లె జనాన్ని పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే గాయాల మీద రాసిన పరిశోధన 1971లోనే అచ్చయ్యింది. ప్రపంచం మొత్తం మీద డాక్టర్లు చదివే సంగతి అది. అంచేత ముందు నోరు. ఎండలో కూర్చుని, తల వెనక్కి వాల్చి, కోడల్ని అంగిలి చూడమనండి. తెల్లగా గట్టిపడిన మచ్చ, మధ్యమధ్యలో ఎర్ర చుక్కలు, మానని పుండు ఏది ఉన్నా చూపించుకోవాలి.

ఇక పొగ అక్కడికెలా పోతుందంటే, రక్తం ద్వారా. పొగ తాగే ఆడవాళ్ల ముఖద్వారం జిగురులో నికోటిన్ కనిపెట్టారు. వైరస్‌ను తరిమే కాపలా కణాలు పొగ వల్ల అక్కడ తగ్గుతాయి. వైరస్ ఎక్కువ కాలం తిష్ఠ వేస్తే, పైన నరసన్నపేట ఆవిడకు చెప్పిన క్రోమోజోమ్ గడబిడకు అంత వ్యవధి దొరుకుతుంది. పొగ ఒక్కటే ఈ క్యాన్సర్ తేదు, వైరస్‌కు తోడవుతుంది. పొగ తాగేవాళ్లకు ఈ రిస్క్ ఇంచుమించు రెట్టింపు.

ముట్లు ఆగితే రిస్క్ ఆగదు. వైరస్ ఎప్పుడో వయసులో చేరి, పదిహేను, ఇరవై ఏళ్లకు బయటపడే జబ్బు ఇది. ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల దాకా పరీక్ష చేస్తారు, మీరింకా ఆ లెక్కలోనే ఉన్నారు. కోడలికి ఒక మాట. ఊళ్లో ఏఎన్‌ఎం చేసేది వెనిగర్ లాంటి పల్చటి ఆమ్లం రాసి, నిమిషం ఆగి, తెల్లబడిన చోటు చూసే పరీక్ష. ముట్లు ఆగినవాళ్లలో ఆ అంచు లోపలికి వెళ్లిపోతుంది, పైనుంచి కనిపించదు. అందుకని మీ అత్తగారికి హెచ్‌పీవీ టెస్ట్ దొరికితే అదే మంచిది. కొన్ని చోట్ల చిన్న బ్రష్ ఇచ్చి ఎవరికి వాళ్లే తీసుకోమంటారు, సిగ్గుపడేవాళ్లకు ఆ పద్ధతి హాయి. ముట్లు ఆగిన ఇన్నేళ్ల తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా దాచొద్దని ఆవిడతో ఒట్టు పెట్టించుకోండి. పెద్దాసుపత్రి కావలసి వస్తే విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

రాజాం నుంచి ఒక తండ్రి: మా పాపకు 13 ఏళ్లు. హెచ్‌పీవీ టీకా వేయిద్దామంటే, అది జన్యువుల్ని మార్చేస్తుంది, పిల్లలు పుట్టరు అని మా వదిన భయపెడుతోంది. నిజమా?

జవాబు: కాదు. టీకాలో ఉండేది వైరస్ పైతొక్కలోని ప్రోటీన్ మాత్రమే. లోపల డీఎన్‌ఏ ఉండదు, అంచేత క్రోమోజోముల్ని ముట్టుకోవడానికి అందులో ఏమీ లేదు. పిల్లలు పుట్టకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. మన దేశంలో పుణెలోని సీరం సంస్థ తయారుచేసిన సెర్వావ్యాక్ 6, 11, 16, 18 రకాల నుంచి కాపాడుతుంది. 9 నుంచి 14 ఏళ్ల లోపు ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 దాటితే మూడు. ఈ వయసు పిల్లలకు ఒక్క డోసైనా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. వైరస్ సోకకముందు వేస్తేనే పూర్తి ఫలితం కాబట్టి, మీ పాపకు ఇదే సరైన వయసు. టీకా వేసుకున్నా అన్ని రకాల నుంచీ రక్షణ ఉండదు, 30 దాటాక టెస్ట్ మామూలే.

పరీక్షల ముందు రోజు వేయించకండి, చెయ్యి ఒకరోజు నొప్పిగా ఉంటుంది. వేయించే ముందు ఏదైనా తినిపించండి. సూది వేశాక ఓ పావుగంట కూర్చోబెట్టండి. ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోతుంటారు, అది చూసి మీ వదినగారు మళ్లీ ఊరంతా చెబుతారు.